పడవకి వేయగా మిగిలిన రంగు

మిల్టన్, కెనడా,
ఆదివారం మధ్యాహ్నం.

పెద్దన్నయ్యకి,

నీ చెల్లెలు రాజ్యం నమస్కారాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ బావా, శ్రావ్యా ముగ్గురం బాగున్నాం. నువ్వూ, వదినా, పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటూ మొదలుపెడుతున్నాను. నీ మోకాలు ఎలా ఉంది? డాక్టరు చెప్పిన నూనె రాస్తున్నావా, లేక సీసా అలమారులో పెట్టి తాళం వేశావా? వదినకి బీపీ మాత్రలు మర్చిపోవద్దని చెప్పు.

కవరు చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. నిన్న నీకు "శిలాఫలకం పని ఆపు, ఉత్తరం వస్తోంది" అని మెసేజ్ పెడితే "ఎందుకు?" అని మూడుసార్లు అడిగావు. ఎందుకో ఇందులో రాస్తున్నాను. ఫోన్‌లో నీకేదైనా చెప్పబోతే సగంలోనే "సరే సరే, అర్థమైందిలే" అంటావు. నీకు అర్థం కాదన్నయ్యా. కాగితమైతే నాకు అడ్డొచ్చేవాళ్ళుండరు. మా పక్క వీధిలో సుబ్బారావు గారని ఉన్నారు, ఏలూరు వాళ్ళు. శుక్రవారం విజయవాడ వస్తున్నారు. ఆయన చేతికి ఇచ్చి పంపుతున్నాను. ఇది చివరిదాకా చదివేవరకు ఆ రాయి చెక్కే ఆయన దగ్గరికి వెళ్ళకు. తర్వాత ఎంత తిట్టినా పడతాను.

ముందు ఇక్కడి సంగతులు. ఏప్రిల్ వచ్చిందని చలి కోట్లన్నీ ఉతికి లోపల పెట్టాను. మర్నాడే మంచు పడింది. "నీకెవరు తొందరపడమన్నారు?" అని మీ బావ నవ్వారు. ఆయన ఉద్యోగం బాగానే ఉంది. వారానికి మూడు రోజులు రైలెక్కి టొరంటో వెళ్ళాలి, మిగతా రోజులు ఇంట్లోంచే. ఇంట్లో ఉన్న రోజు గంటకోసారి టీ అడుగుతారు, ఆఫీసులో ఎవరిస్తున్నారో మరి. శ్రావ్య కాలేజీలో కుదురుకుంది. నేను తెలుగులో అడిగితే అది ఇంగ్లీషులో చెబుతుంది, ఇద్దరం ఒకళ్ళకొకళ్ళం అర్థమవుతాం. బెంగ పెట్టుకోవాల్సిందేమీ లేదు.

నా పని గురించి వదిన అడిగింది కదా. ఇక్కడి కమ్యూనిటీ సెంటర్‌లో పార్ట్ టైమ్. ఒకే కప్పు కింద ఈతకొలను, మంచు మీద ఆడే హాకీ, బాస్కెట్‌బాల్, వాలీబాల్, ముసలివాళ్ళకి వ్యాయామం, అన్నీ ఉంటాయి. టవళ్ళు మడతపెట్టాలి, జిమ్ నేల తుడవాలి, ఏ గంటకి ఏ ఆటో చూసుకుని సామాను బయటికి తీయాలి. అంటే వాలీబాల్ నెట్టు కట్టేది నేనే. ఊళ్ళో కట్టాను, ఇక్కడా కడుతున్నాను. నవ్వకు. మొదటి వారం నెట్టు కట్టి చూసుకుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏడవటానికి నెట్టే దొరికిందా అంటావేమో. వచ్చిన ఏడాదిలో నా చేతికి తెలిసిన వస్తువు అదొక్కటే తగిలింది.

ఆ నెట్టు దగ్గరే నాకొక స్నేహితురాలు దొరికింది. ఆవిడ సంగతి చెబితేగాని శిలాఫలకం సంగతి చెప్పలేను, ఓపిక పట్టు.

మా టౌన్‌హౌస్ వరసలో నాలుగో ఇల్లు ఆవిడది. పేరు సెలియా, బ్రెజిల్ మనిషి. డెబ్బై దాటాయి. కూతురు రెనాటా దగ్గర ఉంటుంది. అందరూ దోనా సెలియా అంటారు. దోనా అంటే మన గారు లాంటిదే, కాకపోతే వాళ్ళు ముందు తగిలిస్తారు. చలికాలంలో బయట నడవలేక ఆవిడ రోజూ సెంటర్‌కి వచ్చి జిమ్ చుట్టూ నడుస్తుంది. ఒకరోజు నేను నెట్టు కడుతుంటే నడక ఆపి, దగ్గరికొచ్చి, పై తాడు పట్టుకుని చూసి తల అడ్డంగా ఊపింది. "మోర్, మోర్" అంది. ఇంకా బిగించమని. నాకు మండింది. నెట్టు కట్టడం నాకు నేర్పుతుందా అనుకున్నాను. తీరా చూస్తే ఆవిడ మాట నిజమే, మధ్యలో రెండు వేళ్ళు జారింది. ఇద్దరం చెరో పక్కా లాగి కట్టాం. ఆవిడ తాడుని వేలితో మీటి, చెవి పెట్టి విని, "గుడ్" అంది.

తాడు మీటి వినే మనిషిని నేనింకొకర్నే చూశాను. ఎవరో నీకూ తెలుసు. ఆ పేరు తర్వాత చెబుతాను.

అప్పటినుంచీ స్నేహం. ఆవిడకొచ్చిన ఇంగ్లీషూ నాకొచ్చిన ఇంగ్లీషూ కలిపినా ఒక మనిషికి చాలదు. ఫోన్‌లో అనువాదం చేసే యాప్ పెట్టుకుంటాం, అదీ మొరాయిస్తే చేతులు ఊపుకుంటాం. గురువారం గురువారం ఇద్దరం లైబ్రరీలో ఉచితంగా చెప్పే ఇంగ్లీషు సంభాషణ క్లాసుకి వెళ్తాం. అక్కడినుంచి వాళ్ళింటికో మా ఇంటికో. ఆవిడ చిన్న చిన్న చీజు ఉండలు కాలుస్తుంది, కర్రపెండలం పిండితో. మన సామర్లకోట వైపు పండే కర్రపెండలమే! "ఇది మాది" అంటుంది ఆవిడ, "కాదు మాది" అంటాను నేను. నా పెసరట్టు తిని అల్లం కారానికి ముక్కు చీదుకుంటూ మూడోది అడిగింది. నల్ల చిక్కుడు గింజలు ఉడకబెట్టి అన్నంలో కలుపుకుంటారు, మన పప్పన్నంలాగే. పైన ఇంత నెయ్యి పడితే బాగుండునని నేను వేసి పెట్టాను. ఇప్పుడు వాళ్ళింట్లో కూడా నెయ్యి డబ్బా ఉంది.

లైబ్రరీ క్లాసు టీచరమ్మ మా అందరికీ ఒక పని పెట్టింది. మీ ఊళ్ళో మీకిష్టమైన దాని గురించి అయిదు నిమిషాలు ఇంగ్లీషులో చెప్పాలని. దోనా సెలియా ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నా క్లబ్" అంది. నన్ను రాసిపెట్టమంది. అలా ఆరు వారాలపాటు మా వంటింటి బల్ల దగ్గర ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టుక అంతా విన్నాను. సాయంత్రం రెనాటా ఆఫీసు నుంచి వచ్చి, మాకు తెలియని ముక్కలు విడమరిచి చెప్పేది.

నీకు ఇలాంటివంటే ఇష్టం కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఆ క్లబ్బు పేరులో ఇప్పటికీ పడవ పందేలు అన్న మాట ఉంది. ఆడేది ఫుట్‌బాల్, స్టేడియం నిండా జనం, పేరేమో పడవలది. ఇదేం చోద్యమని అడిగాను. మొదలు పడవలేనట. వాళ్ళది నది ఒడ్డున రేవు పట్నం. వందేళ్ళకి పైమాటే, అక్కడి షాపుల్లో, రేవు ఆఫీసుల్లో పద్దులు రాసే కుర్రాళ్ళు డజను మంది కూడి పడవ పందేల క్లబ్బు పెట్టుకున్నారు. మెలితిప్పిన మీసాలు, చారల బనీన్లు. ఆదివారం పందెం ఉంటే ఊళ్ళో ఆడవాళ్ళంతా గొడుగులేసుకుని ఒడ్డున నిలబడేవాళ్ళట. ఫుట్‌బాల్ అంటే ఓడల కళాసీలు బురదలో తన్నుకునే ఆటని వీళ్ళకి చిన్నచూపు.

మరి ఫుట్‌బాల్ ఎలా వచ్చిందంటావా? ఒక ఏడు నదికి వరదొచ్చింది. పడవల షెడ్డు కొట్టుకుపోయింది. ఉన్నవాటిలో రెండే పడవలు మిగిలాయి, అవీ పగిలి. నీళ్ళు తీశాక ఒడ్డున చదునుగా మేట పడింది. పడవల్లేక చేతులు ముడుచుకు కూర్చున్న కుర్రాళ్ళు ఆ మేట మీద బంతి తన్నడం మొదలుపెట్టారు. పగిలిన పడవ చెక్కలతోనే గోలు స్తంభాలు పాతారు. అంతే, ఊరు అటు తిరిగింది. పడవ పందేనికి గొడుగుల వాళ్ళే వచ్చేవారు, బంతాటకి రేవులో మూటలు మోసేవాళ్ళూ, మిల్లువాళ్ళూ, చేపలమ్మేవాళ్ళూ అందరూ వచ్చారు. తర్వాత ఒక్కొక్కటే చేరాయి. బాస్కెట్‌బాల్, ఈత, టేబుల్ టెన్నిస్, వాలీబాల్, పండగకి డాన్సు హాలు. మా కమ్యూనిటీ సెంటర్‌ని చూపించి, "ఇలాగే, కానీ పాటలెక్కువ" అంది దోనా సెలియా.

ఆవిడ ఆ క్లబ్బులో వాలీబాల్ ఆడింది. ఫుట్‌బాల్ ఆడాలని ఉండేదట. ఆ రోజుల్లో వాళ్ళ దేశంలో ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడకూడదని చట్టమే ఉందట! "నెట్టు ఉంది కాబట్టి నెట్టు దగ్గరికి వెళ్ళాను" అంది. నాకేమో నువ్వు వాలీబాల్ ఒక్కటే నేర్పావు.

ఇక అసలు సంగతి. ఆ మొదటి పడవ చేసింది దోనా సెలియా తాతగారు. పేరు బెనెదీతో. ఆయన తల్లి బానిసగా పుట్టిన మనిషి. ఆయన రేవులో పడవలు చేసే వడ్రంగి. క్లబ్బు పెట్టిన డజను మందికీ పద్దులు రాయడం వచ్చుగాని పడవ చేయడం రాదు కదా. ఆయనే దుంగలు కోశాడు, ఆయనే వంచాడు, ఆయనే రంగు వేశాడు. వరదొచ్చాక గోలు స్తంభాలు పాతింది కూడా ఆయనే. మొదటిసారి ఫుట్‌బాల్ జట్టుకి బనీన్లు కావాల్సొస్తే, తెల్ల బనీన్ల మీద పడవకి వేయగా డబ్బాలో మిగిలిన మెరూన్ రంగుతో అడ్డంగా ఒక పట్టీ లాగాడట. ఉతికితే పోని రంగు. ఇప్పటికీ ఆ క్లబ్బు రంగు అదే. స్టేడియం నిండా జనం అదే రంగు బనీన్లతో కూర్చుంటారు. ఫొటో చూపించింది, కళ్ళు చెదిరాయి.

అంత చేసిన మనిషి ఆ క్లబ్బులో సభ్యుడు కాడు. వాళ్ళ నిబంధనల్లో రాసి ఉందట, చేతులతో పని చేసి బతికేవాడు సభ్యుడు కాకూడదని. పడవ నడపాలంటే చేతులే కదా కావాల్సింది అని నేనన్నాను. రెనాటా ఆ మాట వాళ్ళమ్మకి చెబితే ఆవిడ బల్ల మీద చెయ్యేసి కొట్టి మరీ నవ్వింది. మంచి ఆటగాళ్ళని చేర్చుకోలేక ఓడిపోతూ ఉంటే తర్వాత్తర్వాత ఆ నిబంధన తీసేశారు. బెనెదీతో కొడుకు, అంటే ఆవిడ నాన్న, ఎడమ పక్క ఆటగాడిగా పెద్ద గేటులోంచే లోపలికి వెళ్ళాడు. తాత మాత్రం చివరిదాకా నది వైపు షెడ్డు తలుపులోంచే వచ్చేవాడట. గేటు తెరిచారు కదా రమ్మంటే, "నాకు దారి ఇదే అలవాటు" అనేవాడట. అది చెప్పేటప్పుడు ఆవిడ నవ్వలేదు.

మా క్లాసులో మాట్లాడాల్సిన రోజుకి వారం ముందు రెనాటా ఫోన్‌కి ఆ క్లబ్బు నుంచి ఒక మెయిల్ వచ్చింది. వార్షికోత్సవానికి పుస్తకం వేస్తున్నారు, గేటు దగ్గర వ్యవస్థాపకుల పేర్లతో ఇత్తడి ఫలకం పెడుతున్నారు. పాత ఆటగాళ్ళ ఇళ్ళకి అందరికీ పంపారు, చూసి తప్పులుంటే చెప్పమని. అందులో పన్నెండు పేర్లున్నాయి. బెనెదీతో పేరు లేదు. పడవ పక్కన నిలబడ్డ మొదటి ఫొటో కూడా వేశారు. దోనా సెలియా లోపలికెళ్ళి బైబిలు మధ్యలోంచి అదే ఫొటో తెచ్చింది. ఆవిడ దగ్గరున్న దాంట్లో కుడి చివర పదమూడో మనిషి ఉన్నాడు, పడవ అంచు మీద చెయ్యేసి. వాళ్ళ పుస్తకంలో చెయ్యి ఉంది, మనిషి లేడు. కత్తిరించినవాడు చెయ్యి పడవ మీద పడిందని వదిలేసినట్టున్నాడు.

రెనాటా ఆ ఫొటో స్కాన్ చేసి, తాత సంగతంతా రాసి పంపింది. రెండు రోజులకి జవాబొచ్చింది. చాలా మర్యాదగా రాశారు. మినిట్స్ పుస్తకంలో ఉన్న పేర్లే వ్యవస్థాపకుల పేర్లు, అందులో లేనిది చేర్చడానికి తమకి అధికారం లేదు, ఫొటో మాత్రం పూర్తిగా వేస్తాం అని. దోనా సెలియా ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పొయ్యి మీద చిక్కుడు గింజలు కలిపి వచ్చింది. గరిటె నా వైపు చూపిస్తూ అడిగింది.

"రాజీ, మీ ఊళ్ళో క్లబ్ ఉందన్నావు. మీ అన్న పెట్టాడన్నావు. మీ క్లబ్‌లో పడవ చేసినవాడెవరు?"

అన్నయ్యా, నేనేమన్నానో తెలుసా? "అలాంటివాళ్ళెవరూ లేరు, మాది చిన్న క్లబ్బు, అందరి పేర్లూ ఉన్నాయి" అన్నాను. ఆవిడ "గుడ్" అంది, తాడు మీటి అన్నట్టే.

అప్పటికి మూడు వారాల కిందటే నువ్వు శిలాఫలకం మీద చెక్కించే పేర్లు వాట్సాప్‌లో పంపావు. మన యూత్ క్లబ్బుకి నలభయ్యేళ్ళు నిండుతున్నాయని, వ్యవస్థాపక సభ్యులు పదకొండు మంది, చూసి తప్పులుంటే చెప్పమని. నేను నెట్టు కడుతూ ఒక చేత్తో ఫోన్ పట్టుకుని చూసి, బొటనవేలు బొమ్మ పెట్టి పంపాను. ఇంటిపేర్లు, పొడి అక్షరాలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. నీ పేరు మొదట ఉంది. ఉండాల్సిందే.

ఇప్పుడు ఆ పేరు రాస్తున్నాను. చిన్నయ్య. కాలవ అవతల పేటలో ఉండే వలల చిన్నయ్య.

నీకు గుర్తుందా? కొన్న నెట్టు మొదటి నెలలోనే చిరిగిపోతే ఆయనే కదా చెక్క సూది పట్టుకుని కొత్తది అల్లి ఇచ్చింది. కోర్టు గుంటలు పడితే తన నాటు పడవలో కాలవ ఇసుక తెచ్చి, గంపలతో మోసి చదును చేశాడు. సున్నం గీతలు ఆయన చెయ్యే. సాయంత్రం నెట్టు కట్టగానే పై తాడుని వేలితో మీటి, చెవి పెట్టి విని, "ఇంకో చుట్టు లాగండి బాబూ" అనేవాడు. తాలూకా పోటీల్లో మనవాడొకడు జ్వరమొచ్చి రాకపోతే పంచె ఎగ్గట్టుకుని దిగి, కింద చేత్తో సర్వీసు చేసి వరసగా మూడు పాయింట్లు తెచ్చాడు. నువ్వు ఆయన్ని భుజాల మీద ఎత్తుకున్నావు. టీ తాగేటప్పుడు మాత్రం అందరూ బల్లల మీద, ఆయన కాలవ గట్టు మీద. రమ్మని మనలో ఒక్కళ్ళం కూడా అనలేదు. ఆయనా అడగలేదు.

నువ్వు ఆయన్ని మర్చిపోలేదు. అది నాకు బాగా తెలుసు, అందుకే ఈ ఉత్తరం. క్లబ్బు రిజిస్టర్ చేయించేందుకు తీర్మానం రాసిన రోజు నువ్వు పన్నెండు పేర్లు చదివావు. నా చేతిరాత బాగుంటుందని మినిట్స్ పుస్తకంలో నాతో రాయించావు, పదో తరగతిలో ఉన్నాను అప్పుడు. ఎనిమిదో పేరుగా నువ్వు "చిన్నయ్య" అన్నావు. అందరికీ ఇంటిపేరు ముందు రాస్తున్నాను, ఆయన ఇంటిపేరు నాకు తెలియదు. నిన్నడిగాను, "కనుక్కుని రాయి" అన్నావు. పక్కనున్నవాళ్ళకీ తెలియదు. ఎనిమిది అంకె వేసి, చుక్కలు పెట్టి, ఇంటిపేరు తెలిశాక మొత్తం పేరు కలిపి రాద్దామని ఖాళీ వదిలాను.

కనుక్కోలేదు. అంతే అన్నయ్యా, అంతకంటే ఏ కథా లేదు. రోజూ సాయంత్రం కోర్టు దగ్గర కనిపించే మనిషి. ఒక్కసారి "మీ ఇంటిపేరేంటి?" అంటే చాలు. ఈరోజు కాదు రేపు అనుకుంటూ ఉంటే నువ్వు పుస్తకం పట్టుకెళ్ళిపోయావు. ఆఫీసులో టైపు చేసినవాడు ఖాళీ ఉన్న వరసని వదిలేసి, కింది నంబర్లు పైకి జరిపి పదకొండు చేశాడు. టైపు కాగితం ఇంటికి తెచ్చినప్పుడు నువ్వు సంతోషంలో ఉన్నావు, చదవలేదు. నేను చదివాను, చూశాను. మళ్ళీ టైపు చేయించాలంటే నువ్వు తిడతావని నోరు మూసుకున్నాను. ఆ తర్వాత పాతికేళ్ళ పండక్కీ, బ్యానర్లకీ, పేపర్లో వేసిన దానికీ అందరూ ఆ టైపు కాగితం చూసే రాశారు. ఇప్పుడు నువ్వూ అదే చూసి రాయి మీదకెక్కిస్తున్నావు.

దోనా సెలియా తాతని బయటపెట్టింది రాసిన నిబంధన. మన చిన్నయ్యని బయటపెట్టింది నా బద్ధకం, నా భయం. నిజానికి ఇది ఇంకా సిగ్గుచేటు. వాళ్ళకి కనీసం తాము చేస్తున్నదేమిటో తెలుసు.

గురువారం క్లాసులో ఆవిడ మాట్లాడింది. తెల్ల జాకెట్టు మీద మెరూన్ రంగు రుమాలు కట్టుకొచ్చింది. నేను రాసిచ్చిన కాగితం చేతిలో ఉంది గాని చూడలేదు. పడవలు చెప్పింది, వరద చెప్పింది, రంగు డబ్బా చెప్పింది. మినిట్స్ పుస్తకంలో ఉన్న పన్నెండు పేర్లూ వరసగా చదివింది, ఒక్కటీ వదలకుండా, కోపం లేకుండా. తర్వాత కాగితం మడిచి, "నంబర్ థర్టీన్" అని, తాత పూర్తి పేరు చెప్పింది. చాలా పొడుగు పేరు. తల్లి వైపుది, తండ్రి వైపుది, వాళ్ళ మతంలోని ఇద్దరు పునీతుల పేర్లూ అన్నీ కలిపి ఒక్క ఊపిరిలో. క్లాసంతా చప్పట్లు కొట్టింది. టీచరమ్మ పేరు మళ్ళీ చెప్పమంది, ఆవిడ మళ్ళీ చెప్పింది.

ఆ పేరు వింటూ కూర్చుని నేను చిన్నయ్య పేరు మనసులో అనుకోబోయాను. పేరుకి ముందు ఇంటిపేరేమీ రాలేదు. నలభయ్యేళ్ళ తర్వాత కూడా ఎనిమిదో నంబరు పక్కన ఖాళీనే ఉంది నాకు.

ఇంటికొస్తూ దారిలో ఆవిడకి నిజం చెప్పేశాను. యాప్‌లో మాట్లాడితే సరిగా చెబుతుందో లేదోనని నా ఇంగ్లీషులోనే చెప్పాను. ఆవిడ ఆగి, మంచు నీళ్ళు పక్కకి తన్నింది. తిడుతుందనుకున్నాను. "అతను బతికున్నాడా?" అంది. లేడు, కూతురుందన్నాను. "నాకు జవాబు రాసినవాడికి అధికారం లేదట. మీ అన్నకి ఉందా?" అంది. ఉందన్నాను.

ఉంది కదా అన్నయ్యా?

నువ్వు చేయాల్సింది ఇది. చిన్నయ్య కూతురు రత్నం బస్టాండు దగ్గర ఇడ్లీ బండి పెట్టుకుందని వదిన ఒకసారి అంది. ఆమె దగ్గరికి నువ్వే వెళ్ళు. ఫోన్ చేయకు, ఎవరినీ పంపకు. బండి దగ్గర నాలుగు ముక్కలు మాట్లాడి వచ్చేయకుండా వాళ్ళింటికి వెళ్ళి, కూర్చుని అడుగు. ఇంటిపేరు ఆమె ఎలా చెబితే అలాగే రాయించు. నలభయ్యేళ్ళు ఎందుకు అడగలేదంటే నా పేరు చెప్పు. నీ మీద వేసుకోకు, నీకా అలవాటుంది. నేను వచ్చినప్పుడు నేనే వెళ్ళి చెప్పుకుంటాను, ముందు రాయి మీద పేరుండాలి. కమిటీలో ఎవరైనా టైపు కాగితంలో లేదంటే మినిట్స్ పుస్తకం తెరిచి చూపించు. ఎనిమిదో వరసలో నా చేతి చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలు ఎవరి కోసమో నేను సంతకం పెట్టి రాసిస్తాను.

ఈ ఉత్తరం రాసి నా మనసు తేలికపడింది. నా గురించి బెంగ పడొద్దు. నాకు కోపమూ లేదు, నీరసమూ లేదు. తింటున్నాను, నడుస్తున్నాను, పనికి వెళ్తున్నాను. ఒంటరితనం మాట అడుగుతావు ప్రతిసారీ. మొదట్లో ఉండేది. ఇప్పుడు వరసలో నాలుగో ఇల్లుంది.

చిన్న చిన్న పనులు మరో రెండు. సుబ్బారావు గారు తిరిగి వచ్చేటప్పుడు వదిన చేతి కందిపొడి కొంచెం పంపించు. పేటలో ఇంకా వలలు అల్లేవాళ్ళుంటే ఒక చెక్క సూదీ కొంచెం దారమూ అడిగి పంపు. దోనా సెలియాకి చిన్నయ్య ముడి ఎలా పడుతుందో చూపిస్తానన్నాను. నాకు సగం వచ్చు, మిగతా సగం చేతికి గుర్తొస్తుందేమో చూడాలి. నీ మనవడు బడ్డుగాడు పరీక్షలెలా రాశాడో కూడా చెప్పు.

అత్తయ్యగారికీ, మావయ్యగారికీ నా నమస్కారాలు. వదినని అడిగానని చెప్పు, పిల్లలకి ముద్దులు. నీ ఆశీస్సులు ఎప్పుడూ ఉండేవే, ఈసారి కోపం తగ్గాక పంపు. ఈ కాగితం చివర నా చేత్తో ఒక వరస గీశాను. ఖాళీ నువ్వు నింపి, ఫొటో తీసి నాకు పంపించు, అప్పుడు రాయి చెక్కే ఆయన దగ్గరికి వెళ్ళు.

నీ కోపానికీ నీ ప్రేమకీ పాత్రురాలైన చెల్లెలు,
రాజ్యం

8. ................................ చిన్నయ్య